ఎనిమిదో చెయ్యి

బాలవ్వ పోయిందని నాకు తెలిసేసరికి పది రోజులైంది. మా స్కూలు అటెండరుది కోరుట్ల. వాళ్ల వాడకట్టులో ఒక బీడీల ముసలామె కాలం చేసిందనీ, ఒకప్పుడు ఆమె మండలానికి మెంబరట అనీ మాటల మధ్య అన్నాడు. పేరు అడిగాను. చెప్పాడు. ఆ పూట ఇక పాఠం చెప్పలేకపోయాను. మరునాడు పదకొండో దినం. కరీంనగర్‌లో తెల్లవారే బస్సెక్కాను. ఇన్నేళ్లలో కోరుట్ల మీదుగా ఎన్నిసార్లు పోయానో, ప్రతిసారీ బస్టాండులో బస్సు ఆగినంతసేపు ఏదో ఒక పుస్తకంలో తల దూర్చుకునేదాన్ని. ఈసారి దిగాను. రెండు గదుల ఇల్లు. గుమ్మంలోనే తునికాకు వాసన, దాని వెనక తంబాకు ఘాటు తగిలాయి. గోడకు ఆనించిన పటంలో బాలవ్వ ఆకుపచ్చ చీర కట్టుకుని, ఎవరో నిలబడమంటే నిలబడినట్టుగా ఉంది. ఏదో గుంపు ఫొటోలోంచి ఆమె ఒక్కదాన్నే కత్తిరించి పెద్దది చేయించారు. సరిగా కత్తిరించలేదు. ఆమె పక్కన ఇంకొకరి మోచెయ్యి, అదే ఆకుపచ్చ జాకెట్టు అంచూ మిగిలిపోయాయి. ఆ మోచెయ్యి నాది.

మా ఊరు రుద్రంగి దాటాక గుట్టల మొదట్లో ఉండేది. ఇంట్లో ముందు గదంతా మగ్గానిదే. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేదాన్ని. బాపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే, అవ్వ పక్కన రాట్నం ముందు నూలు కండెలు చుట్టేది. పడుగుకు పట్టించే గంజి వాసన ఇంటినిండా ఉండేది. వానాకాలంలో అది పులిసి బట్టలకూ జుట్టుకూ, చివరికి అన్నానికి కూడా పట్టుకునేది. బాపు మాట తక్కువ మనిషి. ఆయన సంగతులన్నీ మాకు మగ్గం చప్పుడు బట్టే తెలిసేవి. కోపం వస్తే చప్పుడు వడి పెరిగేది. ఊళ్లోకి జీపు వస్తే ఆగేది. గుట్ట దిక్కున కుక్కలు మొరిగినా ఆగేది. జీపులో పోలీసులు వచ్చేవాళ్లు, గుట్ట మీది నుంచి నక్సలైట్లు, మేం అన్నలు అనేవాళ్లు, వచ్చేవాళ్లు. చప్పుడు ఆగగానే అవ్వా నేనూ చేతిలో పని చేతిలోనే పట్టుకుని, మళ్లీ మొదలయ్యేదాకా కదలకుండా ఉండేవాళ్లం. ఎవరు వచ్చిపోయినా బాపు మాకేమీ చెప్పేవాడు కాదు. నీళ్లు తాగి మళ్లీ మగ్గం మీద నాడె విసిరేవాడు.

ఇంటరు పాసై మూడేళ్లుగా నేను ఇంట్లోనే ఉన్నాను. అప్పుడే మండలానికి అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకునే పద్ధతి పోయి కొత్త పద్ధతి వచ్చింది. ముందు జనం మెంబర్లను ఎన్నుకోవాలి. ఆ మెంబర్లంతా ఒకచోట కూర్చుని, చేతులెత్తి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. పౌరశాస్త్రం పరీక్షలో రాష్ట్రపతి ఎన్నిక విధానం మీద రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. పరోక్ష ఎన్నిక, ఎన్నికల గణం అని ఎర్ర సిరాతో గీతలు కూడా కొట్టాను. అలాంటి గణంలో నేనూ ఒక తలనవుతానని అప్పుడెవరన్నా అంటే నవ్వేదాన్ని.

మా ఊరి సీటు వెనకబడిన కులాల ఆడవాళ్లకు వచ్చింది. ఈ ఎన్నికలు బూటకం, ఎవరూ నిలబడవద్దని బడి గోడ మీద అన్నలు ఎర్రటి అక్షరాలతో కాగితం అంటించారు. ఎవరూ ముందుకు రాలేదు. దొర కుటుంబం గడీకి తాళం వేసి కరీంనగర్‌కు పోయి ఏళ్లయింది కానీ, వాళ్ల మాట మాత్రం ఊరికి వస్తూనే ఉండేది. ఈసారి దొర తమ్ముడి కొడుకు, మేమంతా చిన్నదొర అనే ఆయన, మండలాధ్యక్షుడు కావాలనుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే ఊరి పెద్దమనుషులు నలుగురు మా మగ్గం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"పోరి చదువుకున్నది, లగ్గం గాలేదు, ఇంట్లనే ఉంటది. పేరు రాసిద్దాం రాజయ్యా. ఒక్కసారి చెయ్యెత్తుడే గదా పని" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"అన్నలు ఊకుంటరా?" అన్నాడు బాపు.

"వాళ్లకు మేం జెప్పుకుంటం. నువ్వు గాదంటవా మరి?"

మగ్గం గుంట తవ్విన జాగా గడీ వాళ్లది. బాపు నాడె పక్కన పెట్టి "మీ ఇష్టం" అన్నాడు. నన్నెవరూ అడగలేదు. ఇంకెవరూ నామినేషన్ వేయలేదు కాబట్టి ఏకగ్రీవం అన్నారు. జనం మెంబరును ఎన్నుకోవాలని కదా చట్టం. మా ఊళ్లో ఒక్క మనిషి కూడా నాకు ఓటు వేయలేదు. నలుగురు పెద్దమనుషులు నన్ను మగ్గం పక్కనుంచి లేపి, రేపు చిన్నదొరకు చెయ్యెత్తమని పంపారు, అంతే. గెలిచినట్టు ఇచ్చిన కాగితాన్ని అవ్వ దేవుడి పటం వెనక దాచింది.

మొత్తం పదమూడు మంది మెంబర్లు. చిన్నదొరతో కలిపి ఎనిమిది మంది ఆయన వైపు, ఐదుగురు ఒక కంట్రాక్టరు వైపు. అవతలివాళ్లు లాక్కుపోకుండా మమ్మల్ని వ్యానెక్కించారు. దాన్ని క్యాంపు అనేవాళ్లు. దారిలో కొండగట్టు దగ్గర ఆపి, అంజన్న ఎదుట నిలబెట్టి ఒట్టు వేయించారు. తర్వాత గోదావరి దాటించి, నాకు ఇప్పటికీ పేరు రాయబుద్ధి కాని ఒక పట్నంలో లాడ్జిలో పెట్టారు. ఆడవాళ్లందరికీ ఒకే ఆకుపచ్చ రంగు చీరలు, జాకెట్లు ఇచ్చారు. బయట ఎక్కడ తప్పిపోయినా గుర్తుపట్టడానికట. తప్పిపోయేంత దూరం ఎవరు పోనిచ్చారు? మెట్ల దగ్గర స్టూలు వేసుకుని ఒక మనిషి కూర్చునేవాడు. మా గది కిటికీ తెరిస్తే చేతికి అందేంత దగ్గర్లో పక్క ఇంటి గోడ. ఆ గోడ మీద సున్నం ఎక్కడెక్కడ రాలిందో ఇప్పుడు కూడా బొమ్మ గీసి చూపించగలను. మిగతా ఆడవాళ్లకు మొగుళ్లు తోడు వచ్చి కింద పేకాట ఆడుకునేవాళ్లు. పెళ్లి కాని నన్నూ, మొగుడు పోయిన బాలవ్వనూ ఒకే గదిలో వేశారు.

బాలవ్వది జగిత్యాల రోడ్డు మీది ఊరు. క్యాంపుకు ఆమె బట్టల సంచితో పాటు బీడీలు చుట్టుకునే చాట, కత్తెర, తడి గోనెసంచిలో చుట్టిన తునికాకు, తంబాకు డబ్బా తెచ్చుకుంది. చిన్నదొర గుమాస్తా మాణిక్యం ముక్కు మూసుకుని గదిలోకి వచ్చి, ఇక్కడ బీడీలు చెయ్యొద్దు అన్నాడు.

"ఇన్ని దినాలు ఊకె ఉంటే చేతులు మళ్ల తిరుగుతయా? బీడీల కార్డు కొట్టేస్తె నువ్విస్తవా నాకు ఆకు?" అంది ఆమె తల ఎత్తకుండానే. "నీకు నా చెయ్యి గావాలెనా, వద్దా?"

మాణిక్యం నోరు మూసుకుని పోయాడు. క్యాంపులో ఉన్న పదకొండు రోజుల్లో నాకు నవ్వొచ్చిన సందర్భాలు తక్కువ. అది ఒకటి. ఆమె ఎడమచేతి బొటనవేలి గోరు, బీడీ మూతి మడవడానికి పెంచుకున్నది, పసుపచ్చగా గట్టిపడి ఉండేది. ఆ గోటితో ఆమె బీడీలు మడుస్తుంటే చూస్తూ కూర్చోవడమే నాకు పని. ఒకరోజు ఈ ఎన్నిక ఎట్లా జరుగుతుందో చెప్పమని అడిగింది. జనం మనల్ని ఎన్నుకుంటారు, మనం అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటాం అని పాఠంలా చెప్పాను. ఆమె చేతిలోని బీడీ కట్టను దారంతో ముడివేస్తూ, "అంటే జనం ఆకు, మనం దారం. తాగేటోడు చిన్నదొర" అంది.

రోజూ టిఫిన్లు కాగానే హాల్లో రిహార్సలు ఉండేది. మాణిక్యం భుజం మీద తువాలు వేసుకుని ఆఫీసరు వేషం కట్టేవాడు. "ముందుగాల వాళ్ల పేరు సదువుతడు. అప్పుడు బొమ్మలెక్క కూసోవాలె. రెండోది చిన్నదొర పేరు. చెవుల పడంగనే చెయ్యి లేవాలె." ఒకాయన మొదటిరోజు ఉత్సాహంగా రెండు చేతులూ ఎత్తాడు. "అరే, రెండు చేతులు లొంగిపోయేటోళ్లు ఎత్తుతరు. మనకు ఒక్కటే!" అని మాణిక్యం అరిస్తే హాలంతా నవ్వింది. ఆఫీసరు మాట్లాడే సర్కారు తెలుగు మిగతావాళ్లకు అర్థం కాదని, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాడు. "ఈ పోరి చెయ్యి లేసిందంటే మీరు లేపున్రి." అట్లా అందరికంటే ముందు లేవాల్సిన చెయ్యి నాదయింది. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. నాలుగైదు రోజులు పోయేసరికి, అన్నం తింటున్నప్పుడు పక్క బల్ల దగ్గర ఎవరన్నా చిన్నదొర పేరెత్తినా నా భుజం కదిలేది. బాలవ్వ అది చూసింది.

ఎనిమిదో రోజు బాపు వచ్చాడు. అవ్వకు జ్వరమని చెప్పి, చిన్నదొర మనుషులను బతిమాలుకుని జీపులో వచ్చాడట. మాణిక్యం మా మధ్యనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాపు మంచం అంచున కూర్చుని, సర్వపిండి మూట విప్పి నా ముందు పెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. మగ్గం మీద తప్ప మరోచోట ఆ చేతులను ఎక్కడ పెట్టాలో ఆయనకు ఎప్పుడూ తెలిసేది కాదు. కాసేపటికి కింద ఫోను వచ్చిందని మాణిక్యాన్ని పిలిచారు. మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగాక బాపు నోరు తెరిచాడు.

"అన్నలు అచ్చిన్రు బిడ్డా. పేరు ఇచ్చింది నేను గాదని కాళ్లు మొక్కిన. ఇన్నరు. గని చెయ్యెత్తితె మాత్రం నన్ను గుట్టకు తోలుకపోతమన్నరు."

"భయపడకు బాపు. నేను ఎత్తనే ఎత్త."

"ఎత్తకపోతె ఠాణల పడుడే. మన ఇంట్ల అన్నలకు బువ్వ పెడ్తున్నమని రాసిస్తమని చిన్నదొర మనిషి నిన్ననే చెప్పిపోయిండు." ఆయన గొంతు తగ్గింది. "పోయిన యాడాది ఠాణకు పోయిన మల్లయ్య ఎట్ల నడుస్తున్నడో చూస్తనే ఉన్నవు గదా."

నేను ఏడవలేదు. ఏడిస్తే మాణిక్యం పైకి వస్తాడు. చెయ్యెత్తితే బాపు గుట్టకు పోవాలి, ఎత్తకపోతే ఠాణాకు పోవాలి. ఇంతకన్నా ఇరుకైన చోటు ఆ లాడ్జి గదిలో కూడా లేదు. బాపు లేచి, నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, ఏది చెయ్యమనీ చెప్పకుండానే పోయాడు. చెప్పడానికి ఆయన దగ్గర మాత్రం ఏముంది? మూలన చాట ముందు కూర్చున్న బాలవ్వ కత్తెర ఒక్కసారి కూడా ఆపలేదు. అన్నీ విన్నది.

రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు. మూడో పొద్దున ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఇగో, ఇను. మనం ఎనిమిది మందిమి ఉన్నం. ఏడుగురైతె సాలు, చిన్నదొర గెలుస్తడు. నీ చెయ్యి ఫాల్తు. ఆఫీసరు పేరు సదవంగనే నువ్వు తల తిరిగినట్టు బల్ల మీద పడు. రెండు దినాల సంది తింటలేవని మాణిక్యానికి ఎర్కనే. నీ మీద శక్ రాదు. ఎత్తలే గనక అన్నలు ఊకుంటరు. గెలిచిండు గనక చిన్నదొర ఊకుంటడు."

"మరి ముందుగాల నా చెయ్యే గదా లేవాలె, పెద్దమ్మా?"

"నేను లేపుత. నన్ను జూసి లేపుతరు."

"అన్నలు నిన్ను అంటే?"

"మా ఊరు రోడ్డు మీద, ఠాణకు దగ్గర ఉన్నది. మీ ఊరు గుట్టల మొదట్ల ఉన్నది. నాకేం భయం? తిను ఇగ, ఒక్క బుక్కన్న తిను. ఉట్టిగ పడుమన్న గని, నిజంగ పడుమన్ననా?"

ఆ పూట తిన్నాను. పదకొండు రోజుల్లో అన్నం రుచి తెలిసింది ఆ ఒక్క పూటే. మరునాడు మమ్మల్ని మండలాఫీసుకు తెచ్చారు. బయట పోలీసు బండ్లు, లోపల ఫినాయిలు వాసన. ముందు వరసలో నేను, నా కుడిపక్కన బాలవ్వ. ఆఫీసరు కంట్రాక్టరు పేరు చదివాడు. అవతల ఐదు చేతులు లేచాయి. మేం బొమ్మల్లా కూర్చున్నాం. ఇప్పుడు పడాలి, ఇప్పుడు పడాలి అని లోపల అనుకుంటూ, బల్ల మీద ఎక్కడ తల పెట్టాలో కూడా చూసిపెట్టుకున్నాను. ఆఫీసరు చిన్నదొర పేరు చదివాడు. బాలవ్వ కుడిచెయ్యి లేచింది. వెనక ఒకటొకటిగా లేచాయి. ఆమె ఎడమచెయ్యి నా మణికట్టును పట్టుకుంది. అవతలి వరసలోంచి ఒకాయన లేచి, "చెయ్యి వట్టి లేపుతున్నది, సూడున్రి సారు!" అని అరిచాడు.

అందరూ మా వైపు తిరిగారు. నా చెయ్యి గాల్లో ఉంది, ఆమె చెయ్యి దాన్ని పట్టుకుని ఉంది. గాజు ఒకటి పగిలి బల్ల మీద పడింది. ఆఫీసరు నన్ను చూసి, "అమ్మా, మీ ఇష్టపూర్వకంగానే ఎత్తారా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు బాలవ్వే లేచి నిలబడింది. "పోరి బుగులు వడ్డది సారు. ఎత్తుతలేదని నేనే లేపిన. తప్పయింది." ఆఫీసరు కాసేపు కాగితాలు చూసుకుని నా చెయ్యిని లెక్కలోంచి తీసేశాడు. ఏడు చేతులతో చిన్నదొర అధ్యక్షుడయ్యాడు. బయట పటాకులు కాల్చారు. భయపడ్డ పోరి కదా అని నన్ను చిన్నదొర మనుషులు ఏమీ అనలేదు. మా బాపు ఠాణాకు పోవలసిన పని లేకపోయింది.

రెండు వారాల తర్వాత, ఎండ ఇంకా ఉండగానే, మగ్గం చప్పుడు ఆగింది. అన్నలు ఊరందరినీ బడి దగ్గరికి రమ్మన్నారు. పోయేసరికి బడి వరండాలో బాలవ్వ నిలబడి ఉంది. కబురు పెడితే కూతుర్ని తోడు తీసుకుని వచ్చిందట. దళంలో ఒక అమ్మాయి, నా ఈడుదే ఉంటుంది, తుపాకీ భుజానికి వేసుకుని నా దగ్గరికి వచ్చి మెత్తగానే అడిగింది.

"భయపడకు అక్కా. నీ చెయ్యి నువ్వే ఎత్తినవా? ఆమె లేపిందా?"

బాపు జనంలో ముందు వరసలో, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆమె లేపింది" అన్నాను. అడగకుండానే చెయ్యి చాపి మణికట్టు కూడా చూపించాను. బీడీ గోరు గీసుకుపోయిన చోట పొక్కు కట్టి ఇంకా మానలేదు. ఆ అమ్మాయి నా చేతిని పట్టుకుని అందరికీ చూపించింది.

బాలవ్వను కొట్టలేదు. గడీవాళ్ల కోసం పేదింటి పిల్లను బలవంతపెట్టానని జనమందరి ముందు ఒప్పుకోమన్నారు. ఒప్పుకుంది. మెంబరు పదవికి రాజీనామా చెయ్యమన్నారు. సరేనంది. వాళ్ల ఊళ్లో బీడీల పని ఇచ్చే టేకేదారుకు, ఆమెకు ఆకు ఇవ్వొద్దని కబురు పోయింది. రోడ్డు మీది ఊరే అయినా టేకేదారు భయం టేకేదారుది. పోయేముందు ఆమె నా వైపు చూసింది. అప్పజెప్పిన పద్యం తప్పులేకుండా చెప్పిన పిల్లను చూసినట్టు, చిన్నగా తలాడించింది. నెల తిరక్కముందే కూతురితో కోరుట్లకు పోయి, తెలియని వాడకట్టులో, వేరే వాళ్ల కార్డు మీద బీడీలు చేసుకుని బతికిందని తర్వాత విన్నాను.

మరుసటి ఏడు బాపు మగ్గం పీకేసి సిరిసిల్లలో సాంచాల మీద పనికి కుదిరాడు. అక్కడ మరమగ్గాల చప్పుడు వాడకట్టంతా నిండి ఉండేది, ఎవరొచ్చినా ఆగేది కాదు. అందుకే అక్కడికి పోయాడేమో అనుకుంటాను. నన్ను చదివించాడు. టీచరునయ్యాను. బడిలో పిల్లలకు పరోక్ష ఎన్నిక పాఠం వచ్చినప్పుడు పక్క టీచరుకు ఇచ్చేసి తెలుగు పీరియడు తీసుకునేదాన్ని. ఇప్పటికీ మండలాధ్యక్షులను చేతులెత్తే ఎన్నుకుంటున్నారు. ఇప్పటి క్యాంపులు సముద్రం ఒడ్డున జరుగుతున్నాయట. నా దగ్గర చదివిన ఒక పిల్ల మొన్న మెంబరై, అక్కడి నీళ్లలో దిగిన ఫొటో నాకు పంపింది. నవ్వుతూ ఉంది. ఆ నవ్వును నమ్మాలనే నాకు ఉంది. ఫొటో కింద, రేపటి నుంచి ఫోన్లు తీసుకుంటారు మేడం, అని రాసింది.

పదకొండో దినం భోజనాలయ్యాక బాలవ్వ కూతురు రాజమణి నాకు చాయ తెచ్చి ఇచ్చింది. ఆనాడు బడి వరండాలో తల్లి వెనక నిలబడింది ఈమే. ఇప్పుడు ఈమె జుట్టూ నెరిసింది. నా చేతిలో గ్లాసు పెట్టి పటం వైపు చూసింది.

"మా అవ్వ ఎప్పుడు మీ ముచ్చటే చెప్తుండె మేడం. 'ఆ పోరి చెయ్యి నేనే వట్టి లేపిన, నాదే తప్పు' అనుడు. మంచంల వడ్డంక సుత గదే మాట. మాకు మస్తు కోపం ఉండె. గెంత పని చేస్తివే అవ్వా, ఆకు లేకుంట ఐతిమి గదనే అని నేనే ఎన్నిసార్లు తిట్టిననో." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నిజమేనా మేడం? బలవంతంగనే లేపిందా?"

కన్నకూతురికి కూడా చెప్పలేదు ఆమె. గోడకు పటం ఉంది, పటం అంచున నా మోచెయ్యి ఉంది. నాకు యాభై దాటాయి. బాపు పోయి ఆరేళ్లయింది. గుట్ట మీద ఇప్పుడు ఎవరూ లేరు, గడీ కూలిపోయింది, నన్ను ఏమన్నా చేసేవాళ్లు ఈ లోకంలో ఎక్కడా లేరు. అయినా నేను తలూపాను. చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, బస్సెక్కాను. మొదటిసారి అబద్ధమాడినప్పుడు భయముంది. ఈసారి అది కూడా లేదు.

ఇది అచ్చయ్యాక ఒక ప్రతి కోరుట్లకు పంపుతాను. రాజమణి చదవగలదు. ఆ రోజు నేను పడలేదు. పేరు చెవిన పడగానే, పదకొండు రోజులు నేర్పినట్టుగానే, నా చెయ్యి దానంతటదే లేచింది. మీ అవ్వ నా చెయ్యి లేపలేదు, రాజమణీ. కిందికి గుంజింది. ఎత్తింది నేనే.